ఖరీఫ్ విత్తనాల ఆర్డరుకు స్టోకాస్టిక్ ప్రోగ్రామింగ్: ఎక్కడి నుంచి మొదలుపెట్టాలె?

పేరణి_కిన్వట్ (నాందేడ్ జిల్లా)

అందరికి నమస్తే. లీనియర్ ప్రోగ్రామింగ్ దాకా వచ్చు. సింప్లెక్స్, డ్యువాలిటీ, షాడో ప్రైస్ చదివిన, పైథాన్‌ల పల్ప్‌తోని మోడళ్లు రాస్తా. ఇప్పుడు అనిశ్చితి ఉన్న లెక్కలు, అంటే స్టోకాస్టిక్ ప్రోగ్రామింగ్, నేర్చుకోవాలె. పుస్తకం తెరిస్తే మొదటి పేజీ నుంచే మెజర్ థియరీ, కుంభాకార ప్రమేయాలు. చేతుల ఒక లెక్క పెట్టుకొని దాని మీదనే నేర్చుకుందామని చూస్తున్న.

లెక్క ఇది. మా తాలూకాల ఒక విత్తనాల దుకాణం సోయాబీన్ బస్తాలు మే నెలలనే ఆర్డర్ పెట్టాలె. బస్తా 30 కిలోలు, సుమారుగ ఎకరానికి ఒకటి. ముందుగ ఆర్డర్ పెడితే బస్తా 2,400. జూన్‌ల తక్కువ పడితే నాందేడ్ నుంచి అప్పటికప్పుడు తెప్పిస్తే కిరాయితోని 3,000 పడుతది. మిగిలిన బస్తాకు వాపసు కింద 1,500 వస్తది. అమ్మకం ధర 3,200. ధరలన్నీ లెక్క కోసం అనుకున్నవే. గిరాకీ మూడు తీర్ల ఉంటదనుకుందాం: జనం పత్తి దిక్కు పోతే 100 బస్తాలు (సంభావ్యత 0.5), మృగశిరల వానలు మంచిగ పడితే 160 (0.3), విత్తినంక వాన ఆగి దుబార్ పేరణి (మళ్లొకసారి విత్తుడు) పడితే 300 (0.2).

సగటు గిరాకీ 158. ఆ సగటునే మోడల్‌ల పెట్టి సాల్వ్ చేస్తే ఆర్డర్ 158, ఖర్చు 3,79,200 వస్తున్నది. ఇది సరైనదేనా? కాకపోతే ఎంత నష్టం? ఏ వరుసల నేర్చుకోవాలె, ఏ సాఫ్ట్‌వేర్ పట్టుకోవాలె? తెలిసినోళ్లు జర చెప్పుండ్రి.

---

సింప్లెక్స్_బరంపురం (గంజాం జిల్లా)

పేరణి గారూ, లెక్క చిన్నదే అయినా బాగా ఎంచుకున్నారు. టూ-స్టేజ్ రికోర్స్ మోడల్ (ముందు ఒక నిర్ణయం, అనిశ్చితి తేలాక సర్దుబాటు) అంటే ఇదే. 1955లో జార్జ్ డాంజిగ్, అదే ఏడాది విడిగా బీల్ దీనికి పునాది వేశారు. మరుసటి ఏడాది ఫెర్గూసన్, డాంజిగ్ కలిసి విమానాలను రూట్లకు కేటాయించే లెక్క చేశారు. మీ బస్తాల బదులు అక్కడ సీట్లు, అంతే తేడా.

మెజర్ థియరీ ఇప్పుడు వద్దు. సినారియోలు (గిరాకీ ఎలా ఉండొచ్చో ఆ సందర్భాలు) లెక్కపెట్టగలిగినన్ని ఉన్నంతవరకూ ఇది పెద్ద లీనియర్ ప్రోగ్రామే. మొదటి దశ నిర్ణయం ఒక్కటి: ఆర్డర్. వాన తేలాక తీసుకునేవి రెండు: ఎన్ని తెప్పించాలి, ఎన్ని వాపసు పంపాలి. ఈ రెండింటికీ సినారియోకొక జత, మొత్తం ఆరు వేరియబుల్స్. ప్రతి సినారియోకూ ఒక షరతు: ఆర్డర్ + తెప్పించినవి − వాపసు = గిరాకీ. ఆబ్జెక్టివ్ (తగ్గించాల్సిన మొత్తం): 2,400 × ఆర్డర్, దానికి కలిపి సంభావ్యతతో గుణించిన (3,000 × తెప్పించినవి − 1,500 × వాపసు). ఏడు వేరియబుల్స్, మూడు షరతులు. పల్ప్‌లో పదిహేను లైన్లు కూడా పట్టదు. దీన్నే ఎక్స్‌టెన్సివ్ ఫామ్ అంటారు.

సాల్వ్ చేస్తే ఆర్డర్ 100 వస్తుంది, సగటు ఖర్చు 4,14,000. చేత్తో సరిచూసుకోండి: 2,40,000 + 0.3 × 60 × 3,000 + 0.2 × 200 × 3,000.

ఇక మీ 158. ఆర్డర్‌ను 158 దగ్గర బిగించి అదే మోడల్ నడిపితే సగటు ఖర్చు 4,22,700. మీ స్క్రీన్ మీద కనబడ్డ 3,79,200 ఎప్పుడూ చేతికి రాని అంకె. గిరాకీ కచ్చితంగా 158 అయితేనే అంత ఖర్చు, కానీ మీ మూడు సినారియోల్లో 158 అన్నదే లేదు కదా. 4,22,700కూ 4,14,000కూ మధ్య తేడా 8,700. దీన్ని స్టోకాస్టిక్ సొల్యూషన్ విలువ అంటారు. సగటుతో పని కానిచ్చేసినందుకు కట్టే జరిమానా అన్నమాట.

ఇంకో అంకె కూడా తీయండి. వాన సంగతి ముందే తెలిసి, ఏ ఏడు ఎంత గిరాకీయో అంతే ఆర్డర్ పెడితే సగటు ఖర్చు 2,400 × 158 = 3,79,200. 4,14,000తో దీనికున్న తేడా 34,800. అదే పరిపూర్ణ సమాచారం విలువ. వాన జోస్యం ఎవరైనా అమ్మజూపితే అంతకు మించి ఒక్క రూపాయి ఇవ్వకూడదు.

కొత్తగా మోడల్ రాసేవాళ్లు ఎక్కువగా జారేది ఇక్కడే: ఆర్డర్ వేరియబుల్‌కు కూడా సినారియో సూచిక తగిలిస్తారు. అప్పుడు ప్రతి సినారియోకూ దాని ఆర్డర్ దానికి వచ్చేస్తుంది, అంటే మే నెలలోనే జూన్ వాన తెలిసిపోయినట్టు. ఆబ్జెక్టివ్ 3,79,200 అని కనబడితే కారణం అదే. ఆర్డర్ ఒక్కటే వేరియబుల్‌గా ఉండాలి, లేదా మూడు ఆర్డర్లూ సమానమని షరతులు రాయాలి. ఆ షరతుల పేరు నాన్-యాంటిసిపేటివిటీ. మీ లెక్కలో వేరియబుల్ ఒకటే కాబట్టి చూడగానే దొరికిపోతుంది. బహుళ దశల మోడల్‌లో ఇదే లోపం వందల వేరియబుల్స్ మధ్య దాక్కుంటుంది. అందుకే ఏ మోడల్ రాసినా ఈ నాలుగు అంకెలూ తీసి వరుస చూడండి: సగటుతో వచ్చినది ≤ ముందే తెలిస్తే వచ్చినది ≤ రికోర్స్ మోడల్ ≤ సగటు నిర్ణయాన్ని బిగిస్తే వచ్చినది. మీ లెక్కలో మొదటి రెండూ సమానం. మొదటి అసమానత గిరాకీలాగా షరతుల కుడి పక్క అంకెలు మారుతున్నప్పుడే ఖాయం, ధరలు కూడా యాదృచ్ఛికమైతే దాన్ని నమ్మకండి. చివరి రెండూ ఎప్పుడూ నిలుస్తాయి. వరుస తప్పిందంటే కోడ్‌లో తప్పున్నట్టే.

100 ఎందుకొచ్చిందో సాల్వర్ లేకుండానే చెప్పొచ్చు. ఒక బస్తా తక్కువైతే నష్టం 600, ఎక్కువైతే 900. 600 ÷ 1,500 = 0.4. గిరాకీ సంచిత సంభావ్యత 0.4ను మొదట దాటేది ఎక్కడో అక్కడే ఆర్డర్. 100 దగ్గరే 0.5 ఉంది కాబట్టి 100.

---

వార్ధా_ఒడ్డు (బల్లార్‌పూర్, చంద్రపూర్ జిల్లా)

బరంపురం సార్ మోడల్ చెప్పిండ్రు, నేను డేటా సంగతి చెప్త. ఈ సబ్జెక్టుల కష్టమంతా సాల్వర్ దగ్గర కాదు, ఆ 0.5, 0.3, 0.2 ఎక్కడి నుంచి వచ్చినయన్న దగ్గర ఉంటది.

దుబార్ పేరణి సంభావ్యతను ఊహించే పని లేదు. భారత వాతావరణ శాఖ గ్రిడ్ డేటా 0.25 డిగ్రీల గళ్లల్ల, రోజువారీ వాన, 1901 నుంచి ఉంది. కిన్వట్ మీదున్న గడి తీసుకోండి. ప్రతి సంవత్సరానికి జూన్ 1 నుంచి వాన కూడుకుంట పోతే 75 మిల్లీమీటర్లు దాటిన తారీఖే విత్తే తారీఖు అనుకోండి. 75 నుంచి 100 పడ్డదాక విత్తొద్దని మహారాష్ట్రల వ్యవసాయ అధికారులు ఏటా చెప్పే మాటే కదా. ఆ తారీఖు తర్వాత 15 రోజుల్ల మొత్తం వాన 10 మిల్లీమీటర్ల లోపుంటే దాన్ని దుబార్ పేరణి సంవత్సరం కింద లెక్కపెట్టండి. ఆ 15, ఆ 10 మీ నేలను బట్టి మార్చుకోవచ్చు. నల్లరేగడి తడి పట్టి ఉంచుతది, గుట్టల కింద మొరం నేల వారం ఆగదు. 1901 దాక పోవద్దు, ఈ మధ్య 40 ఏళ్లు చాలు.

వాతావరణ శాఖ ఏప్రిల్‌ల ఇచ్చే ముందస్తు అంచనాల ఐదు తరగతులుంటయి: దీర్ఘకాల సగటుల 90 శాతం లోపు, 90–95, 96–104, 105–110, 110 పైన. ఒక్కోదానికి సంభావ్యత కూడ ఇస్తరు. చూస్తే సినారియోలకు అచ్చుగుద్దినట్టు సరిపోతదనిపిస్తది గాని, అవి దేశం మొత్తానికి, నాలుగు నెలలకు. మీకు కావాల్సింది ఒక తాలూకాల జూన్ మూడో వారం. సీజన్ మొత్తం మంచిగ పడ్డ సంవత్సరంల కూడ జూన్ ఆఖరుల ఎండ కొట్టొచ్చు. వాటిని సూటిగ మోడల్‌ల పెట్టొద్దు.

40 ఏళ్లల్ల 20 సార్లు వచ్చిందని 0.5 పెట్టిన్రనుకోండి, ఆ అంచనాల ప్రామాణిక దోషం 0.08 దగ్గర ఉంటది. సార్ చెప్పిన 0.4 హద్దు దీనికి ఎంత దగ్గరనో చూడండి. 100 బస్తాల సినారియో అసలు సంభావ్యత 0.35, 160ది 0.45 అయితే సరైన ఆర్డర్ 160కి దుంకుతది. అందుకే దుకాణపాయనకు "100 పెట్టు" అని ఒక్క అంకె చెప్పి వదలొద్దు. "పత్తి దిక్కు పోయే అవకాశం పదింటికి నాలుగు కన్న ఎక్కువ అనిపిస్తే 100, తక్కువ అనిపిస్తే 160" అని చెప్తే ఆయనకున్న తెలివి కూడ లెక్కల చేరుతది. దుంకుడు చూసి భయపడే పని కూడ లేదు. పైన చెప్పిన సంభావ్యతలే నిజమైతే 100 పెట్టినందుకు అదనపు ఖర్చు 4,500.

ఇగ వాపసు ధర. మందు పట్టించిన విత్తనం నూనె మిల్లుకు గాని, దాణాకు గాని పోవద్దు. కంపెనీ వాపసు తీసుకోకుంటే ఆ 1,500 సున్న అయితది. అప్పుడు కూడ ఆర్డర్ 100 దగ్గరనే ఉంటది, కని 158 పెట్టినోని నష్టం 8,700 నుంచి 52,200కు పోతది. కాబట్టి మోడల్ రాసేముందు వాపసు షరతుల కాగితం చదవండి.

ఇంకోటి. నాందేడ్ నుంచి ఎన్నంటే అన్ని వస్తయని మీ మోడల్ అనుకుంటున్నది. దుబార్ పేరణి సంవత్సరం జిల్లా అంతా ఒక్కసారే ఎగబడితే అక్కడ మాత్రం యాడ ఉంటయి? 50కి మించి దొరకవని షరతు పెట్టి చూడండి. గిరాకీ మొత్తం తీర్చాలన్న షరతు అట్లనే ఉంటే 250 లోపు ఏ ఆర్డర్ పెట్టినా మోడల్ ఇన్‌ఫీజిబుల్ (వీలయ్యే జవాబే లేదు) అంటది. ఇది ఆపాలంటే "అమ్మలేకపోయినవి" అని ఒక వేరియబుల్ పెట్టి దానికి జరిమానా వేయాలె. ఏ ఆర్డర్ పెట్టినా రెండో దశకు జవాబు ఉండాలె, దానికే రిలేటివ్లీ కంప్లీట్ రికోర్స్ అని పేరు.

ఆ జరిమానా ఎంతన్నది తమాషాకు వేసే అంకె కాదు. పోయిన అమ్మకం 3,200, కొనేటోడు అలిగి పోయినందుకు 300, మొత్తం 3,500 పెట్టండి: ఆర్డర్ 110 వస్తది. చాలామంది చేసినట్టు లక్ష పెట్టండి: 250 వస్తది. వాన అదే, ధరలు అవే, మీరు సోమరితనంతోని కొట్టిన ఐదు సున్నలు 140 బస్తాలు అదనంగ కొనిపిస్తయి.

---

పేరణి_కిన్వట్

మస్తు సమజైంది. పల్ప్‌ల రాస్తే 100, 4,14,000 అట్లనే వచ్చినయి. జరిమానా మార్చి 110, 250 కూడ చూసిన.

ఇప్పుడు రిస్క్ సంగతి. సగటు ఒక్కటే చూస్తే చాలదని కండిషనల్ వాల్యూ ఎట్ రిస్క్ (సీవార్) కలిపిన, స్థాయి 0.8. నాందేడ్ హద్దు లేకుండ పాత మోడల్ మీదనే. ఆర్డర్ 300 వచ్చింది! రిస్క్ వద్దంటే ఇంక ఎక్కువ కొనమంటున్నదేంది? కోడ్ రెండుసార్లు చూసిన, సూత్రం సరిగ్గనే ఉన్నది.

---

నాగావళి_రాయగడ

కోడ్ సరైనదే, కొలిచిన వస్తువే వేరు.

0.8 స్థాయి అంటే అత్యంత చెడ్డ 20 శాతం సందర్భాల సగటు. మీరు ఖర్చు మీద కొలిచారు. ఖర్చు అన్నింటికంటే ఎక్కువయ్యేది గిరాకీ 300 ఉన్నప్పుడు. ఆర్డర్ 100 అయితే అప్పుడు ఖర్చు 8,40,000, ఆర్డర్ 300 అయితే 7,20,000. మోడల్ తగ్గించమన్నదాన్ని బుద్ధిగా తగ్గించింది. కానీ 300 బస్తాలు అమ్ముడుపోవడం దుకాణానికి చెడ్డ రోజా? ఆ రోజు రాబడి 9,60,000.

లాభం మీద లెక్క వేయండి. ఆర్డర్ 100 అయితే మూడు సినారియోల్లో లాభం 80,000, 92,000, 1,20,000. ఆర్డర్ 300 అయితే 1,00,000 నష్టం, 2,000 లాభం, 2,40,000 లాభం. రిస్క్ వద్దనుకునేవాడు మొదటి వరుసే తీసుకుంటాడు. 100 కంటే తగ్గించినా, పెంచినా అతి చెడ్డ సినారియోలో లాభం 80,000 కంటే పడిపోతుంది. అంటే ఖర్చు మీద సీవార్ 300 అంటే, లాభం మీద సీవార్ 100 అంటుంది. సగటు ఒక్కటే చూసేటప్పుడు ఈ గొడవ లేదు. గిరాకీ మొత్తం తీరుస్తున్నాం కాబట్టి సగటు రాబడి 5,05,600 దగ్గర స్థిరం, ఖర్చు తగ్గించినా లాభం పెంచినా ఒకటే జవాబు. రిస్క్ కొలత వచ్చీ రాగానే ఆ సౌకర్యం పోతుంది. విద్యుత్ కొనుగోళ్లు, ధాన్యం సేకరణ, ఆసుపత్రి మందుల నిల్వ, ఎక్కడైనా ఇంతే: రాబడి కూడా ఊగేదైతే దాన్ని ఆబ్జెక్టివ్‌లోకి తేకుండా సీవార్ ముట్టుకోవద్దు.

రాసే పద్ధతి రాకఫెల్లర్, ఉర్యాసెవ్ 2000లో ఇచ్చినదే, పూర్తిగా లీనియర్. నష్టం అంటే లాభానికి మైనస్ గుర్తు. ఈటా అనే స్వేచ్ఛా వేరియబుల్ ఒకటి, సినారియోకొక మిగులు వేరియబుల్. మిగులు ≥ నష్టం − ఈటా, మిగులు ≥ 0. తగ్గించాల్సింది ఈటా + (మిగుళ్ల సగటు ÷ 0.2). ఈటాకు కింది హద్దు సున్నా అని పెట్టారో, పని పాడైనట్టే. ఇక్కడ నష్టం రుణ సంఖ్య కాబట్టి ఈటా కూడా రుణంలోకి వెళ్లాలి. పల్ప్‌లో హద్దు ఏమీ చెప్పకపోతే అది స్వేచ్ఛా వేరియబులే, పైథాన్‌దే మరో మోడలింగ్ లైబ్రరీ పైఓమోలోనూ అంతే. జూలియా భాషలోని జంప్‌లోనూ అంతే. కానీ అన్ని వేరియబుల్స్‌కూ అలవాటుగా కింది హద్దు సున్నా రాసే చెయ్యి దీనికీ రాసేస్తుంది.

సగటునూ సీవార్‌నూ కలిపేటప్పుడు ఒక్క తూకంతో ఆగకండి. తూకాన్ని 0 నుంచి 1 దాకా 0.1 చొప్పున మార్చి ప్రతిసారీ ఆర్డర్, సగటు లాభం, సీవార్ పట్టిక వేయండి. ఆ పట్టిక చూసి యజమాని ఎంచుకుంటాడు.

ఛాన్స్ కన్‌స్ట్రెయింట్ అని ఇంకో దారి ఉంది, చార్న్స్, కూపర్ల నాటిది, 1959. "90 శాతం సందర్భాల్లో సరుకు తక్కువ పడకూడదు" అన్న రకం. తక్కువ పడ్డప్పుడు ఎంత తక్కువో దానికి పట్టదు, సినారియోలతో రాస్తే 0–1 వేరియబుల్స్ కూడా వచ్చిపడతాయి. మీ లెక్కకు అక్కర్లేదు.

---

సింప్లెక్స్_బరంపురం

రాయగడ వారు చెప్పింది నూటికి నూరు పాళ్లూ నిజం.

పేరణి గారూ, తర్వాతి మెట్టు ఎల్-షేప్డ్ పద్ధతి. వాన్ స్లైక్, వెట్స్, 1969. బెండర్స్ విడదీతే ఇది. సినారియోలు మూడున్నంతసేపూ అవసరం లేదు కానీ, ఇది చేత్తో ఒకసారి చేస్తే డ్యువాలిటీ ఎందుకు చదివామో తెలుస్తుంది. మీ అంకెలతోనే కాగితం మీద వేద్దాం.

రెండో దశ ఖర్చుకు బదులు తీటా అనే ఒక వేరియబుల్ పెట్టి, దాన్ని కింద నుంచి కోతలతో (కింది హద్దు గీసే లీనియర్ షరతులతో) ఆనించుకుంటూ పోతాం. ఆర్డర్ 158తో మొదలు. గిరాకీ 100 సినారియోలో సరుకు మిగిలింది, కాబట్టి గిరాకీ షరతు డ్యువల్ (గిరాకీ ఒక బస్తా పెరిగితే పెరిగే ఖర్చు) 1,500. మిగతా రెండింట్లో తెప్పించుకోవాలి, డ్యువల్ 3,000. కోత: తీటా ≥ 0.5 × 1,500 × (100 − ఆర్డర్) + 0.3 × 3,000 × (160 − ఆర్డర్) + 0.2 × 3,000 × (300 − ఆర్డర్). కూడితే తీటా ≥ 3,99,000 − 2,250 × ఆర్డర్. 158 దగ్గర దీని విలువ 43,500. రెండో దశ అసలు ఖర్చు కూడా అంతే, కోత ఆనింది.

ఇప్పుడు మాస్టర్ (ఆర్డర్‌నూ తీటానూ ఎంచే మొదటి దశ లెక్క): 2,400 × ఆర్డర్ + తీటా. ఆర్డర్ ఒకటి తగ్గితే నికరంగా 150 తగ్గుతుంది, కనుక మాస్టర్ సున్నాకు పరుగెడుతుంది. కింది హద్దు 3,99,000, పై హద్దు 4,22,700. సున్నా దగ్గర డ్యువల్స్ అన్నీ 3,000, రెండో కోత: తీటా ≥ 4,74,000 − 3,000 × ఆర్డర్. రెండు కోతలూ కలిసేది 75,000 ÷ 750 = 100 దగ్గర. తీటా 1,74,000, మాస్టర్ విలువ 4,14,000. ఆర్డర్ 100 దగ్గర అసలు రెండో దశ ఖర్చు 54,000 + 1,20,000 = 1,74,000. హద్దులు కలిశాయి, పని అయిపోయింది.

కాగితం మీద ఇంత సాఫీగా సాగినది కోడ్‌లో రెండు చోట్ల బెడిసికొడుతుంది. ఒకటి, డ్యువల్ గుర్తు. షరతును అటూ ఇటూ తిప్పి రాసినా, మ్యాక్సిమైజ్ అన్నా, సాల్వర్ మారినా గుర్తు మారొచ్చు. కోత అసలు ఫంక్షన్‌ను దాటి పైకి వెళ్లిపోతుంది, కింది హద్దు పై హద్దును మించుతుంది. గిరాకీని ఒక బస్తా పెంచి మళ్లీ సాల్వ్ చేసి, ఖర్చు పెరిగినంతే డ్యువల్ ఉందా అని చూసుకోండి. రెండోది, ఆర్డర్ ఊగులాట. మాస్టర్ మొదటి అడుగుల్లో అంచు నుంచి అంచుకు గంతులేస్తుంది. పెద్ద లెక్కల్లో ఇదే సమయమంతా తినేస్తుంది. ఆర్డర్ ఎంత దూరం కదలొచ్చో హద్దు పెట్టి, మెరుగైతేనే ఆ హద్దు వదులు చేయడం మందు. ఆ పద్ధతికి ట్రస్ట్ రీజియన్ అని పేరు.

గిరాకీని మూడు అంకెలుగా కాక నిరంతర పంపిణీగా తీసుకుంటే శాంపిల్ యావరేజ్ పద్ధతి. 200 శాంపిళ్లు తీసి, వాటినే సమాన సంభావ్యత ఉన్న సినారియోలుగా సాల్వ్ చేయడం. కానీ ఆ 200తో వచ్చిన ఆబ్జెక్టివ్‌ను నమ్మకండి. మోడల్ ఆ 200కే తగ్గట్టు ఆర్డర్ కుట్టుకుంటుంది, కాబట్టి సగటున అది అసలు ఖర్చు కంటే తక్కువే చూపుతుంది. ఇలా చేయండి: 200 చొప్పున 20 వేర్వేరు బ్యాచ్‌లు సాల్వ్ చేసి వాటి సగటు తీస్తే కింది హద్దు అంచనా. వచ్చిన ఆర్డర్లలో ఒకటి ఎంచుకుని, ఎక్కడా వాడని 10,000 కొత్త శాంపిళ్ల మీద ఖర్చు కడితే పై హద్దు అంచనా. 20 బ్యాచ్‌ల దోషానికి 1.729 టీ-గుణకం వాడితే ఒక పక్కకు 95 శాతం భరోసా. తేడా మీ అవసరానికి ఎక్కువైతే బ్యాచ్ సైజు పెంచండి. శాంపిళ్లు నాలుగింతలు చేస్తే దోషం సగమవుతుంది, అంతకంటే ఆశించకండి.

---

కొలాబ్_జయపురం (కొరాపుట్ జిల్లా)

బహుళ దశల మాట ఎవరూ ఎత్తలేదు, నేను ఎత్తుతాను. ఈ ప్రాంతంలో కళ్లెదుట ఉన్న ఉదాహరణ మాచ్‌ఖండ్ నది. జలపుట్ జలాశయం, దిగువన మాచ్‌ఖండ్ విద్యుత్ కేంద్రం, ఆ తర్వాత బలిమెల, ఇంకా దిగువన సీలేరు. పైన ఈ నెల వదిలిన నీరు కింద వచ్చే నెల నిల్వ. ఇప్పుడు వదిలితే కరెంటు ఇప్పుడే, వాన ఆలస్యమైతే తర్వాత కొరత. ఆపితే, వాన దంచి కొడితే గేట్లెత్తి ఊరికే పారబోయడం. పైగా ఇది రెండు రాష్ట్రాల ఉమ్మడి నీళ్లు, మోడల్‌లో పంపకం షరతు కూడా రావాలి.

నెలకు ఐదు ప్రవాహ స్థాయిలు అనుకుని 12 నెలల చెట్టు గీస్తే ఆకులు 24,41,40,625. ఎక్స్‌టెన్సివ్ ఫామ్ మాట మరిచిపోండి. బ్రెజిల్ జలవిద్యుత్ కోసం పెరీరా, పింటో 1991లో ప్రచురించిన ఎస్‌డీడీపీ (స్టోకాస్టిక్ డ్యువల్ డైనమిక్ ప్రోగ్రామింగ్) ఇక్కడ పనికొస్తుంది. బరంపురం గారు వేసిన కోతలే ఇవి కూడా, కాకపోతే ప్రతి నెలకూ ఒక తీటా. ముందుకు వెళ్లేటప్పుడు ప్రవాహాలను చీటీ తీసినట్టు తీసి నిల్వలు లెక్కకడతారు, వెనక్కి వచ్చేటప్పుడు ఆ నిల్వల దగ్గర కోతలు వేస్తారు. ఒక నెల కోతలు ఆ నెలలోని అన్ని కొమ్మలకూ పనికొస్తాయి, అందుకే చెట్టు మొత్తం తిరగక్కర్లేదు.

పనికొచ్చేది ఒక షరతు మీదే: ఒక నెల ప్రవాహం ముందు నెలతో సంబంధం లేకుండా ఉండాలి. నదుల్లో అలా ఉండదు, ఆగస్టు బాగుంటే సెప్టెంబరు కూడా కొంత బాగుంటుంది. విరుగుడుగా ముందు నెల ప్రవాహాన్ని కూడా నిల్వలాగే స్టేట్ వేరియబుల్‌గా (ఒక నెల నుంచి తర్వాతి నెలకు మోసుకెళ్లే అంకెగా) చేర్చుతారు. ఆ సంబంధం లీనియర్‌గా ఉండాలి. ప్రవాహం రుణాత్మకం కాకూడదని లాగరిథమ్ తీసి మోడల్ వేస్తే కుంభాకారం చెడి, కోతలు అబద్ధం చెబుతాయి. తడి, మధ్యస్థం, పొడి అని మార్కోవ్ స్థితులు పెట్టడం ఇంకో దారి. చివరి నెల తర్వాత నీటికి విలువ ఇవ్వకపోతే మోడల్ జలాశయాన్ని అడుగంటా ఖాళీ చేసేస్తుంది. రెండేళ్లు నడిపి మొదటి ఏడాది నిర్ణయాలే వాడుకోవడం నాకు నచ్చిన మార్గం.

సాఫ్ట్‌వేర్: టూ-స్టేజ్ వరకు పైఓమో, సాల్వర్‌గా హైగ్స్. ఉచితం, ఓపెన్ సోర్స్. సినారియోలు వేలల్లోకి వెళితే ఎంపీఐ-ఎస్‌పీపీవై. పాత పాఠాల్లో పైఎస్‌పీ కనిపిస్తే వదిలేయండి, అది పైఓమో 6 నుంచి అందులో లేదు. బహుళ దశలకు జూలియాలో ఎస్‌డీడీపీ డాట్ జేఎల్. అది మీకు వేరే భాషే అయినా, ఎస్‌డీడీపీని పైథాన్‌లో సొంతంగా రాయడం కంటే జూలియా నేర్చుకోవడం తేలిక.

---

పేరణి_కిన్వట్

లాభం మీద పెడితే 100 వచ్చింది. రెండు కోతలు కాగితం మీద వేసిన, కలిసినయి. ఒక్కటే ఇంక అడుగుత: నాందేడ్ నుంచి తెప్పిస్తే బస్తాలు ఎన్నయినా ఆ 3,000 కాక బండి కిరాయి ఇంకో 6,000 విడిగ అయితది. ముందస్తు ఆర్డర్ కూడ 50ల లెక్కనే ఇస్తరు. కోతలు అట్లనే పనిచేస్తయా?

---

సింప్లెక్స్_బరంపురం

ఆర్డర్ 50ల లెక్కన అన్నది మొదటి దశలోది, దాంతో ఇబ్బంది లేదు. మాస్టర్ ఇంటీజర్ ప్రోగ్రామ్ అవుతుంది, కోతలు మారవు. బండి కిరాయి మాత్రం రెండో దశలో 0–1 వేరియబుల్ తెస్తుంది. అక్కడ డ్యువల్స్ ఉండవు, రెండో దశ ఖర్చు కుంభాకారంగా ఉండదు, నేను చెప్పిన కోతలు చెల్లవు. దానికి లాపోర్ట్, లూవోల ఇంటీజర్ ఎల్-షేప్డ్ ఉంది, 1993 నాటిది. మీ మూడు సినారియోలకు అదేమీ వద్దు, ఎక్స్‌టెన్సివ్ ఫామ్‌లోనే మూడు 0–1 వేరియబుల్స్ చేర్చి హైగ్స్‌కు ఇవ్వండి. ఆర్డర్ 100 దగ్గరే ఉంటుంది, సగటు ఖర్చు 4,17,000 అవుతుంది.

"బండి పంపితేనే బస్తాలు" అన్న షరతులో పెద్ద అంకె పెట్టాలి కదా, పది లక్షలు కొట్టకండి. ప్రతి సినారియోకూ ఆ సినారియో గిరాకీయే చాలు: 100, 160, 300. పది లక్షలు పెడితే సాల్వర్ 0.0002 బండిని పంపి కిరాయి 1 రూపాయి 20 పైసలతో సరిపెట్టి, అంతకుమించి కట్టక్కర్లేదంటుంది. రిలాక్సేషన్ (0–1 అన్న షరతు వదిలేసిన లెక్క) అంత వదులుగా ఉంటే బ్రాంచింగ్ ఊరికే సాగుతుంది. నాందేడ్‌లో 50కి మించి దొరకవన్న షరతు కూడా కలిపితే ఆ అంకె మూడింటికీ 50.